రిమోటు గీసిన గీత

నిన్న మా అబ్బాయి, ఇప్పుడు మేముంటున్న కోరుట్ల బజారు నుంచి ఒక కొత్త రిమోటు తెచ్చి నా చేతిలో పెట్టి, టీవీకీ, సెట్‌టాప్ బాక్సుకీ, సౌండు బాక్సుకీ ఇక ఇదొక్కటే చాలని చెప్పి, ఇన్నాళ్లూ నా దిండు పక్కన పడి ఉండే మూడు రిమోట్లనూ పాతసామానుకు వేసేశాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ సాయంత్రం వార్తల వేళ సౌండు పెంచబోతే తెర మీది గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఎంత నొక్కినా కదలదు. నా కొడుకు దానికి తాళం వేశాడట.

"గంత సౌండు పెడితే పక్కింటోళ్లు ఏమనుకుంటరు నాయినా? నీకు గిది సాలు" అని నా చెవి దగ్గర అరిచాడు.

నాకెంత చాలో వాడు చెప్పడమా! ఒళ్లు మండిపోయింది. వాణ్ణి చదివించిన మరమగ్గాలే నా చెవులు తిన్నాయని వాడికి తెలియదా?

అప్పట్లో సిరిసిల్లలో మేం పనిచేసే షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినపడేది కాదు. పోగు తెగితే వేళ్లు విడదీసి చూపేవాళ్లం, సేటు వస్తుంటే మీసం దువ్వినట్టు చేసేవాళ్లం. ఇంట్లో బీడీలు చుట్టుకునే నా భార్య సద్ది తెచ్చి, గుమ్మంలో నిలబడి ఆ సైగలతోనే ఇంటి సంగతులన్నీ చెప్పేది. ఈ కొడుకే తొలి అడుగులు వేసిన రోజున, అరచేతి మీద రెండు వేళ్లను తప్పటడుగులుగా నడిపించి చూపింది. నేను మగ్గం ఆపేసి ఇంటికి పరుగెత్తాను.

తర్వాత జగిత్యాల నుంచి టీవీ తెచ్చుకున్నాం. దానికో గుండ్రటి మీట ఉండేది, చివరిదాకా తిప్పి వదిలేసేవాళ్లం. వీధిలో అందరివీ మగ్గం చెవులే కాబట్టి తగ్గించమని ఎవరూ అనలేదు. అన్నా మాకు వినపడేది కాదు లెండి.

నిన్న అలిగి గోడవైపు తిరిగి కూర్చుంటే, మా ఆవిడే వచ్చి నా భుజం తట్టింది. "మొకం మాడ్సుకొని కూసుంటే ఏమొస్తది, గిటు సూడు" అని టీవీ పక్కన కూర్చుని, వాననీ, కరెంటు కోతనీ, ఎవరో నాయకుడు పార్టీ మారడాన్నీ చేతులతో చెప్పుకుంటూ పోయింది. వేళ్లు సరిగా వంగకపోయినా ఒక్క ముక్క పోనివ్వలేదు. ఇంతలో అబ్బాయి వచ్చి నిలబడితే, వాణ్ణి చూసి నవ్వుతూ అరచేతి మీద రెండు వేళ్లు నడిపించింది.

"ఏందమ్మా గది?" అన్నాడు వాడు.

వాడి తొలి అడుగుల కబురు వాడికే తెలియలేదు. ముందు ఆ తాళం తియ్యి, అప్పుడు చెప్తానన్నాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఒకప్పుడు సిరిసిల్లలో మా వీధి పసిపిల్లలు కూడా అర్థం చేసుకునే ఆ మాటలు ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. తాళం ఇవాళ కాకపోతే రేపు తీయిస్తాను. కానీ ఆమె చేతులు ఆగిపోయిన నాడు ఆ టీవీ ఎంత గొంతు చించుకున్నా నాకేం వినపడుతుంది?