పక్కింటావిడ ఎందుకు అడగలేదు?

మా ఆయన ఉద్యోగం పోయిన సంగతి అమెరికాలో మేముండే ఈ అరోరా ఊళ్లో మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదని గట్టిగా అనుకున్నాం. ముఖ్యంగా మా అమ్మాయికి. అది హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉంది, పరీక్షల ముందు దాని మనసు చెదరకూడదు. గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి పెట్టే బేడా సర్దుకోవాల్సిన పని లేదు గానీ, మనవాళ్ల నోళ్ల సంగతి నాకు తెలుసు. గుడిలో ప్రసాదం చేతిలో పడేలోపే "మీ డాడీకి జాబ్ పోయిందట కదా" అని పిల్లనే అడిగేస్తారు.

అందుకని మా ఆయన రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని కారెక్కేవారు. మనవాళ్లు తగలకుండా పక్క ఊరి లైబ్రరీ ఎంచుకున్నారు. అక్కడ కూర్చుని అప్లికేషన్లు పంపుకుని, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినట్టే వచ్చేవారు.

ఒకరోజు బూట్లు విప్పుతూ గొంతు తగ్గించి, "పక్కింటావిడ లైబ్రరీలో కనిపించింది. నన్ను చూసింది. చూడనట్టు తల తిప్పుకుని వెళ్లిపోయింది" అన్నారు.

పక్కింటావిడ యూదు మతస్థురాలు, చిన్నపిల్లల తల్లి. స్కూల్ అయ్యాక మా అమ్మాయి ఆ పిల్లల్ని చూసుకోవడానికి వెళ్తుంది. ఆవిడ ఎదురుపడితే నవ్వుతుంది, మంచు పడితే మా వైపు దారి కూడా శుభ్రం చేస్తుంది, అంతే. మీ ఆయన ఏం చేస్తారు, ఇల్లెంతకి కొన్నారు, ఒక్క పిల్లతోనే ఆపేశారేం, ఇలాంటివి ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అడగని మనిషంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. అడిగేవాళ్లకి తెలియదని అర్థం. అడగనివాళ్లకి అన్నీ తెలిసే ఉంటాయి.

మర్నాడు చెత్తడబ్బా బయటపెట్టే వంకతో ఆవిడని పట్టుకుని కూపీ లాగాను.

"పిల్లల్ని లైబ్రరీకి తీసుకెళ్తుంటారా?"

"అవును, అక్కడ కథలు చదివి వినిపిస్తారు. మా చిన్నవాడికి ఇష్టం."

"తెలిసినవాళ్లెవరైనా కనిపిస్తుంటారా?"

"వాడి వెనక పరిగెత్తడానికే సరిపోతుంది" అని నవ్వేసింది. గడుసుది అనుకున్నాను.

సాయంత్రం పిల్లని నిలదీశాను. "ఆ ఆంటీ నాన్న గురించి ఏమైనా అడిగిందా?"

"నో అమ్మా. షి డజంట్ టాక్ అబౌట్ పీపుల్. వాళ్లకి రూల్ ఉంది."

"ఏం రూలు?"

"మాటతో ఎవర్నీ హర్ట్ చేయకూడదు. ట్రూ అయినా సరే. షాప్‌లో కొనే ఐడియా లేకపోతే ప్రైస్ కూడా అడగకూడదు. అమ్మేవాళ్లు ఊరికే హోప్ పెట్టుకుంటారు కదా."

నాకు నవ్వొచ్చింది. ధర అడగకుండా కొట్లోంచి బయటికి రావడం మా వంశంలో లేదు. చీరల కొట్లో అరలన్నీ దింపించి, "మళ్లీ వస్తాం" అని లేచే జాతి మాది. రూలట, రూలు! వీళ్లిద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు అనుకున్నాను.

ఆ వారంలోనే ఇంకోటి కనిపెట్టాను. వాళ్ల నాన్న తలుపు తియ్యగానే "ఆఫీస్ ఎలా ఉంది నాన్నా?" అని అరవడం మా పిల్లకి చిన్నప్పట్నుంచీ అలవాటు. అది మానేసింది. ఇంకేముంది, ఆవిడ చెప్పేసింది! నియమాలన్నీ పైపైకే, లోపల అందరూ ఒకటే అని నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంట్లో చెప్పులతోనే వాళ్ల డ్రైవ్‌వేలోకి వెళ్లాను. ఆవిడ కారులోంచి సరుకులు దింపుతోంది. "మా అమ్మాయికి ఎందుకు చెప్పారు?" అన్నాను, ముందూ వెనకా లేకుండా.

ఆవిడ సంచీ కింద పెట్టింది. ఏ సంగతి అని అడగలేదు, అప్పుడు కూడా! "నేను చెప్పలేదు. ఆ రోజు లైబ్రరీలో మీ అమ్మాయి మాతోనే ఉంది. నాకంటే ముందు తనే చూసింది" అంది.

మిగతాది కూడా ఆవిడే మెల్లగా చెప్పింది. వెళ్లి నాన్నని పలకరించనా అని పుస్తకాల అరల మధ్య నిలబడి పిల్ల అడిగిందట.

"బేరంలో మోసం చేయకూడదన్నట్టే మాటతోనూ మనిషిని నొప్పించకూడదని మా ధర్మం. ఒనాత్ దెవారీమ్ అంటాం. నలుగురిలో ఒకరి మొహం తెల్లబోయేలా చేస్తే రక్తం చిందించినట్టేనని మా పెద్దలు చెప్తారు. నేనైతే ఇప్పుడు పలకరించను, ఆయన చెప్పేదాకా ఆగుతాను అన్నాను. మీ ఇంటి విషయంలో ఆ మాత్రం చెప్పడమైనా సరైందో కాదో నాకు తెలియదు."

సారీ చెప్పి వచ్చేశాను గానీ పూర్తిగా నమ్మలేదు. తెలిసీ ఇన్నాళ్లు నోరు కట్టుకుని ఉంటుందా పిల్ల? నా కడుపున పుట్టిందే!

ఆ సాయంత్రం మా ఆయన వచ్చేసరికి నేను కూరలు తరుగుతూ ఇద్దర్నీ ఓ కంట కనిపెడుతున్నాను. బ్యాగ్ కుర్చీలో పెట్టి, ఎవరూ అడక్కుండానే ఆయన మొదలెట్టారు. "ఇవాళ ఆఫీసులో ఒకటే మీటింగులు..."

"నాన్నా, టీ పెడుతున్నా. షుగర్ ఎంత?" అంది పిల్ల, మాటకి అడ్డొచ్చి.

అది పుట్టకముందు నుంచీ ఆయన టీలో చక్కెర వేసుకోరు. ఆ సంగతి దానికి తెలుసు.

ఆయన ఆగిపోయారు. దాన్ని చూసి, తర్వాత నన్ను చూశారు. ఇన్నాళ్లూ నేను పక్కింటావిడని చూసిన చూపే అది. "నువ్వే చెప్పావు కదూ?" అన్నారు.

"లేదండీ, ఒట్టు."

నమ్మలేదు. నా నోటి సంగతి ఆయనకి తెలియనిదా? ఆ చూపుకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పిల్ల స్టవ్ ఆపేసింది. "అమ్మ ఏం చెప్పలేదు నాన్నా. ఎవరూ చెప్పలేదు. నువ్వే చెప్తావని వెయిట్ చేస్తున్నా."

ఆయన కూర్చున్నారు. "జాబ్ పోయిందమ్మా" అన్నారు.

"ఓకే నాన్నా" అంది అది, చక్కెర లేని టీ ఆయన చేతికిస్తూ. "ఆ లైబ్రరీలో ఏసీ ఎక్కువ. రేపు స్వెటర్ తీసుకెళ్లు."