ఇరవై ఇళ్ళ రౌతు

టిసా నది ఒడ్డున ఒక ఊరికి ఇరవై గడపలకొక రౌతు చొప్పున పంపమని రాణిగారి తాఖీదు వచ్చింది. చీట్లు వేస్తే బెర్తలాన్ వాళ్ళ అన్న పేరు వచ్చింది. అన్నకి చంటిపిల్లలు. "నువ్వుండన్నయ్యా, నేను పోతా," అని బెర్తలాన్ గుర్రమెక్కాడు.

తల్లి చేతిలో చీపురు పట్టుకునే చెప్పింది. "మన భాషలో హూస్ అంటే ఇరవై. ఇరవై ఇళ్ళ పరువు మోసేవాడు కనకే రౌతుని హుసార్ అన్నారు. తలవంపులు తేకు నాయనా."

పటాలంలో ఆ మాట చెబితే సెర్బుల కుర్రాడు రాదోసావ్ పగలబడి నవ్వాడు. "ఇరవయ్యా, నీ మొహమా! మా భాషలో గుసార్ అంటే దారిదోపిడీగాడు. మా తాతలు మీ రాజు కొలువుకొస్తూ ఆ పేరు కూడా తెచ్చారు."

"మా అమ్మ అబద్ధం చెప్పదురా."

"చెప్పదు. తెలిసింది చెప్పింది, అంతే."

యుద్ధానికి పోయిన సైలీషియాలో చలికాలం గుర్రాలకి గడ్డి, మనుషులకి తిండి అయిపోయాయి. ఊళ్ళలో దొరికింది లాక్కు రమ్మన్నాడు కెప్టెన్. ఒక కొట్టంలో ముసలమ్మ తనకున్న ఒక్క ఆవు మెడ కావలించుకుని నిలబడింది. ఆవిడ మాట వీళ్ళకి తెలీదు, ఏడుపు తెలిసింది. బెర్తలాన్ పలుపు కోసి ఆవుని వెనక అడవిలోకి తోలేశాడు. కెప్టెన్ చూడనే చూశాడు.

బెర్తలాన్‌ని బల్లకి కట్టేసి, కొట్టమని కర్ర రాదోసావ్ చేతికే ఇచ్చారు. రెండు దెబ్బలు పైపైన వేశాడు. "గట్టిగా," అన్నాడు కెప్టెన్. రాదోసావ్ కర్ర పారేసి, చొక్కా విప్పి పక్కన బోర్లా పడుకున్నాడు. "నాకూ వెయ్యమనండి దొరా."

ఇద్దరికీ వేశారు. వారం రోజులు ఒకరి వీపుకి ఒకరు పందికొవ్వు రాసుకున్నారు.

ఆ ఎండాకాలం ఒక వంతెన దగ్గర రాదోసావ్ గుండు తగిలి పోయాడు. యుద్ధం ముగిశాక బెర్తలాన్ వాడి జీను మోసుకుని దక్షిణాన వాళ్ళ ఊరు వెళ్ళాడు. ముసలితల్లి తలుపు ఓరగా తీసింది.

"ఎవరు నువ్వు?"

"హుసార్‌ని, అమ్మా."

"దోచుకోవడానికి ఇక్కడేం మిగిలిందని?"

బెర్తలాన్ జీను గడప మీద పెట్టాడు. ఆవిడ దాన్ని తడిమింది. పట్టీ మీద కొడుకు కుట్టుకున్న ఎర్రదారం వేలికి తగలగానే అక్కడే కూలబడింది.

బెర్తలాన్ కోతల దాకా వాళ్ళ పొలం చేశాడు. ఆ తర్వాతా ఉండిపోయాడు. రాదోసావ్ చెల్లెలు స్తానాని పెళ్ళాడి, ఒకసారి తన ఊరు తీసుకెళ్ళి తల్లికి చూపించి వచ్చాడు. అన్న పిల్లలు అప్పటికి అతని భుజాల ఎత్తు పెరిగారు.