బతికుండగానే వలీ

మా పెద్దమ్మకు మతి లేదని కచేరి నుంచి కాగితం వచ్చిన పొద్దున ఆమె ఇంటి కప్పు మీద కూర్చుని గూనపెంకులు సర్దుతోంది. కింద నిలబడి పెంకులు అందిస్తున్నది నేను. నాకు అప్పటికి పెళ్లయి ఇబ్రహీంపట్నం వచ్చి ఏడాది కూడా కాలేదు. మా అత్తగారిల్లు ఆమె ఇంటి వెనక వీధిలోనే. పనంతా ముగించుకుని పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తేదాన్ని. అత్తగారింట్లో ఊపిరి బిగబట్టిన కోడలికి పుట్టింటి వాసన ఆ ఒక్క ఇంట్లోనే దొరికేది మరి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. పెదనాన్న పోయి చాలా కాలమైంది. పెద్ద చెరువు కింద కొంత పొలం, పెంకుటిల్లు, ఒక బర్రె, పెదనాన్న తొడుక్కున్న నల్ల ఉన్ని కోటు. ఇవీ ఆమె ఆస్తులు. చలికాలం వచ్చిందంటే ఆ కోటు చీర మీద తొడుక్కుని పొలం పోయేది. వెనక నుంచి చూసినవాళ్లు "దండం పటేలా" అని, ఆమె తిరిగి చూడగానే నాలిక కరుచుకునేవారు.

కాగితం తెచ్చిన కచేరి చప్రాసి కింద నుంచి కేకేశాడు.

"అవ్వా, దిగు. కచేరి నుంచి నోటీసొచ్చింది."

"పెంకు చేతిలున్నది. గక్కడికెల్లే సదువు."

కాగితం ఉర్దూలో ఉంది. నిజాం రోజులు కదా, కోర్టు కచేరీల భాష అదే. చప్రాసి పెదవులు కదుపుతూ చదువుకుని, సారాంశం ఒక్క ముక్కలో చెప్పాడు. "నీ మరిది కొడుకు దరఖాస్తు పెట్టిండు. నీకు వలీ అయితడంట."

పెద్దమ్మ చేతిలోని పెంకు జారి నా కాలి పక్కన పడి ముక్కలైంది. పక్కింటి గుమ్మంలో చింతపండు పిసుకుతున్న ఖాలా లేచి వచ్చింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆమె ముస్లిం వితంతువు. వీధిలో అందరికీ ఆమె ఖాలాయే.

"తౌబా తౌబా! వాడు వలీయా?" అంది ఖాలా. "వాడు ఎవరికైన ఒక గంటెడు గంజి పోసిండా? వలీ ఎట్లయితడు?"

"అయితె గియితె చచ్చినంక గావాలె. బతికుండంగనె ఎట్లయితడే?" అని పెద్దమ్మ నిచ్చెన దిగింది.

మా వైపు ఊళ్లలో వలీ అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. దర్గాలో పచ్చ చద్దరు కింద పడుకున్న మహాత్ముడు. గురువారం ఊదు పొగ వేసి, రొట్టె, బెల్లం కలిపిన మలీద పెట్టి, జ్వరమొచ్చిన పిల్లను ఆయన గడప దగ్గర పడుకోబెట్టడం హిందువులూ ముస్లింలూ అందరూ చేసే పనే. ఆ మహాత్ముల వరసలో మా అన్న కూర్చుంటాడని కచేరి వాళ్లు రాసి పంపారంటే ఏమనుకోవాలి? చప్రాసికి వివరించే ఓపిక లేదు. పోతూ పోతూ వీధి చివర ఇంకో నలుగురికి ఈ మాట చెప్పి పోయాడు.

అన్న అంటున్నాను గానీ అతను పెద్దమ్మ మరిది కొడుకు. చెడ్డవాడని అనలేను. ఫికర్ మనిషి. ఎవరి గడ్డివాము వంగినా, ఎవరి గొడ్డు తాడు తెంచుకున్నా అతనికే నిద్ర పట్టదు. కందకు లేని దురద కత్తిపీటకు ఉన్నట్టు, పెద్దమ్మకు లేని బాధంతా అతను పడేవాడు. ముసలావిడ ఒంటరిగా ఉంటోంది, కప్పు ఎక్కుతోంది, పొలంలో రెండు మడులు ఒక్క గింజ తీసుకోకుండా ఖాలాకు ఇచ్చింది. ఇవన్నీ తన పద్ధతి ప్రకారం జరగడం లేదన్నది అతని బాధ. పొలం మీద కన్ను లేదని కూడా అనను. ఉంది. కానీ కన్నూ ఫికరూ ఒకే మనిషిలో ఎంత కలిసిపోతాయంటే, ఏది ఎక్కడ మొదలైందో అతనికే తెలియదు.

సాయంత్రం మా మామగారు ఆ కాగితం చదివారు. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు.

"వలీ అంటె దర్గా వలీ గాదు. మతి లేనోళ్లకు, పసిపిల్లలకు కచేరి ఒక పెద్దమనిషిని పెడతది. ఆయన చెప్పినట్టు ఇనాలె. ఇల్లు, పొలం, తిండి, బట్ట, ఎక్కడ పండాలె, అన్ని ఆయన చేతిల ఉంటయి. గా మనిషిని వలీ అంటరు."

పెద్దమ్మ అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. ఆ మాట విన్నాక గడప మీద కూర్చుంది. ఎంతకీ లేవలేదు.

"నాకు మతి లేదన్నడా?" అంది చివరికి. "వాళ్లింటి వెనక దొడ్డిల, గొడ్ల కొట్టం పక్కన అర్ర ఊడిపిచ్చిండంటె ఎవరికో అనుకున్న. నాకేనా?"

"నా పొయ్యి నేను ముట్టిచ్చుకుంట బిడ్డా. గంతె. ఇంకేం అడుగుత లేను ఎవ్వర్ని," అంది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ అదే ముందు వస్తుంది. ఆ క్షణంలో అన్న ఎదురుపడి ఉంటే గూనపెంకుతో కొట్టేదాన్ని.

అసలు అర్థం తెలిశాక పెద్దమ్మ వీధిలో ఒక్కరికి కూడా చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. ఎవరైనా అడిగితే, "ఏమో నాయినా, కచేరోళ్లే అన్నరట, వాడు వలీ అయితుండని" అని కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది.

ఇంకేముంది. ఆ గురువారం తెల్లవారేసరికి అన్న గడప ముందు ఎవరో కొబ్బరికాయ కొట్టి, చక్కెర పోసి, ఊదు వెలిగించి పోయారు. మధ్యాహ్నం ఒక ముసలాయన దగ్గుతున్న మనవణ్ని ఎత్తుకొచ్చి, "జర ఊదు బాపూ" అని అన్న ముందు కూర్చున్నాడు. అన్న గొడ్డలి పట్టుకుని పొలం పోబోతున్నాడు.

"నేను గా వలీని గాదు, కచేరి వలీని!" అని మొత్తుకున్నాడు.

ముసలాయన చేతులు జోడించాడు. "అసలు వలీలు గట్లనే అంటరు బాపూ. 'నేనే వలీ' అని ఎవరు చెప్పుకుంటరు?"

ఎంత కాదంటే అంత మహిమ. అన్న కోపంతో "ఫూ" అని విసురుకున్నాడు. అది ఊదడం కింద లెక్కలోకి వచ్చింది. పిల్లవాడి దగ్గు రెండు రోజుల్లో తగ్గడంతో అన్న గతి అధోగతి అయింది. ఈతకల్లు మాని ఇంట్లో తలుపు వేసుకుంటే, తపస్సులో ఉన్నాడన్నారు. పాపం మా వదిన, అంటే అతని భార్య, వాకిలి ఊడ్చినప్పుడల్లా ఇన్ని అగరొత్తి పుల్లలు ఎత్తిపోసేది.

వాయిదా రోజు చలి గజగజ వణికిస్తోంది. పెద్దమ్మ కోటు తొడుక్కుని బండి ఎక్కింది. ఇవాళొక్క రోజుకు విడిచి రమ్మని బతిమాలాను.

"మతున్నదని సూపియ్యనీకి చలికి సావాల్నా?" అంది.

తీర్పు చెప్పే మున్సబు గారు పట్నం మనిషి, గడ్డం నెరిసిన పెద్దాయన. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడితే ఉర్దూ కలిసి వచ్చేది. అన్న తరపు వకీలు ఒక్కొక్క నేరమే చదివాడు. మగవాడి కోటు తొడుగుతుంది. బర్రెతో మాట్లాడుతుంది. పొలం ఉత్తపుణ్యానికి పరాయివాళ్లకు ఇచ్చింది.

"కోటు ఎందుకు మాయీ?" అన్నాడు మున్సబు.

"చలి సాబ్. నువ్వు గూడ తొడుక్కుంటివి గద."

"బర్రెతోని మాట్లాడతవంట?"

"బర్రె ఇంటది సాబ్. వీడు ఇనడు."

గుమాస్తా దగ్గినట్టు నటించి నవ్వాడు. పొలం సంగతి అడిగితే, "మొన్నటేడు నాకు జ్వరమొచ్చి పడుకుంటె నా పొయ్యి ముట్టిచ్చింది గామెనే. పడావు పడ్డ మడి దున్నుకో అన్న. గదెట్ల తప్పయితది?" అంది. మున్సబు తలాడించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు వకీలు మున్సబుతో, జ్ఞాపకం పరీక్ష చేయమన్నాడు. మున్సబు తేలికైన ప్రశ్నే కదా అని అడిగాడు. "నీ మొగని పేరు చెప్పు, మాయీ."

పెద్దమ్మ నేల వైపు చూసింది.

మళ్లీ అడిగాడు. ఆమె చెమట తుడుచుకుంది, అంత చలిలో. నేను నోరు తెరవబోతే గుమాస్తా కసిరాడు, ఆమే చెప్పాలని.

"పొద్దుగాల లేవంగనె దండం పెట్టుకునె దేవుని పేరు సాబ్," అంది పెద్దమ్మ.

"ఏ దేవుడు?"

"నీకెట్ల చెప్పాలె సాబ్? నీ దేవుడు ఏరేనాయె."

"చూడండి హుజూర్," అని వకీలు లేచాడు. "కట్టుకున్న మొగని పేరే మరిచింది."

"మరుస్తనా! మొగని పేరు ఆడది నోటితోని అనొద్దు. పెండ్లినాడు గడపల ఆడిబిడ్డ ఆపితె ఒక్కపారి చెప్పిన. మల్ల చెప్పలే."

"ఆయన పోయిండు గద, ఇప్పుడు చెప్పొచ్చు," అన్నాడు మున్సబు మెత్తగానే.

"పోయింది ఆయన సాబ్. మర్యాద పోలే."

వకీలు నవ్వాడు. "మరిచినోళ్లంతా ఇట్లనే అంటరు హుజూర్. ఇవన్నీ పాతకాలం సాకులు. ఇప్పుడు ఎవరూ పాటిస్తలేరు."

గుమాస్తా కలం గీరిన చప్పుడు నాకు వినిపించింది. ఒక్క మాట అంటే చాలు, ఇల్లు ఆమెది, పొయ్యి ఆమెది. అనకపోతే గొడ్ల కొట్టం పక్కన అర్ర. ఆమె పెదవులు బిగించుకుని కోటు గుండీ పట్టుకుని నిలబడింది. నాకు ఆమె మీదే కోపం వచ్చింది, చెప్పరాదా అని. ఆ వెంటనే ఇంకా పెద్ద భయం వేసింది, చెప్పేస్తుందేమో అని.

తరవాత వకీలు తన సాక్షిని పిలిచాడు. మా వదినను. ముసలావిడ తిన్నదీ లేనిదీ మరిచిపోతుందని ఆమె చెప్పాలి. గుమాస్తా అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. పేరు చెప్పింది. ఊరు చెప్పింది.

"మొగని పేరు?"

వదిన కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఎవరి భార్యవమ్మా?" గుమాస్తా మళ్లీ అడిగాడు.

వదిన గడ్డం ఎత్తి అన్న వైపు చూపించింది. "గాయనే."

"గాయన ఎవరు?"

"గాయనంటె గాయనే. గోడకాడ నిలవడ్డడు గద."

వకీలు ముఖం నల్లబడింది. అన్న గోడ దగ్గర నుంచి పళ్లు కొరుకుతూ, "చెప్పవే! చెప్పు!" అన్నాడు.

"నేన్చెప్ప. నా పుస్తెకు కీడు. సంపినా చెప్ప," అని వదిన అక్కడే కూలబడి ఏడుపు లంకించుకుంది.

మున్సబు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈమెకు గూడ మతి లేదా? మరి ఈమెకు వలీ ఎవరు?" అని అన్నను అడిగాడు.

అన్నకు ఆవేశంలో ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడో తెలియలేదు. "మతి లేకేంది సాబ్! మా ఇండ్లల్ల ఆడోళ్లు మొగని పేరు చెప్పరు, గంతే!"

వకీలు నెత్తి పట్టుకున్నాడు. మున్సబు గడ్డం నిమురుకుంటూ, "మా ఇంట్ల గూడ ముప్పయ్యేండ్ల నుంచి 'అజీ, సునో' తప్ప ఇంకో పేరు లేదు నాకు. నా పేరు మా బేగంకు యాదుందో లేదో ఇయ్యాల పోయి అడుగుత," అన్నాడు. దరఖాస్తు కొట్టేశాడు.

బయటికి వచ్చాక అన్న ఎటు పోవాలో తెలియక చెట్టు కింద నిలబడ్డాడు. అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. పెద్దమ్మ బండి ఎక్కి, కోటు సర్దుకుని, "ఎక్కురా వలీ. నడిస్తె నీ భక్తులు ఆపుతరు," అంది. అతను మూతి ముడుచుకునే ఎక్కాడు. దారిలో ఆమె కొంగులోని అటుకులు అందరికీ పెట్టింది, అతనికి కూడా. ఆ పేరు మాత్రం అతనికి అతుక్కుపోయింది. ఊరంతా అతన్ని వలీ అనే పిలిచింది.

తరవాత పెద్దమ్మ చాలా ఏళ్లు తన పొయ్యి తనే ముట్టించుకుంది. నిజాం రాజ్యం పోయే ముందటి ఎండాకాలం నుంచి ఆమె మారింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. బర్రెకు పెట్టిన కుడితి మరిచి మళ్లీ పెట్టేది. మాకెవరికీ అంత భయం వేయలేదు. వయసు కదా అనుకున్నాం.

ఒక సాయంత్రం నేను, ఖాలా, వదిన వీధిలో మాట్లాడుకుంటున్నాం. పెద్దమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. చెరువు వైపు చూస్తూ, పొలం నుంచి మనిషిని బువ్వకు పిలిచినట్టు, గట్టిగా పెదనాన్న పేరు పెట్టి పిలిచింది. ఒకసారి కాదు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఆమె దాచుకున్నది బయట పెట్టడానికి నేనెవరు?

ఖాలా నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ రోజు కచేరిలో తల తీసినా రాని పేరు అది. ఇప్పుడు ఏ మున్సబు అడిగినా ఇట్టే చెబుతుంది.

అప్పుడే అన్న పొలం నుంచి వస్తున్నాడు. విన్నాడు. ఇక మళ్లీ దరఖాస్తు పెడితే అతనిదే గెలుపు. అది మాకు తెలుసు, అతనికీ తెలుసు. వదిన అతని ముఖంలోకే చూస్తోంది. అతను గడప దగ్గరి బిందె వంచుకుని కాళ్లు కడుక్కున్నాడు.

"ఆఁ, వచ్చిన," అని లోపలికి పోయాడు.

"గింత పొద్దు పోయింది, ఎటు పోయినవ్?" అని పెద్దమ్మ కసురుతూ పీట వేసింది. "కోటేది? చలిల గిట్లనె వస్తివా?" అని మళ్లీ కసిరింది.

మరునాటి నుంచి ఆమె పోయేదాకా అతను రోజూ సాయంత్రం వచ్చి, ఆ పేరుకు పలికి, ఉప్పు ఎక్కువైన పప్పు తిని, తిట్లు తిని పోయేవాడు. ఆమెను ఆ ఇంటి నుంచి ఎవరూ కదిలించలేదు. మండే ఎండల్లో పెదనాన్న ఉన్ని కోటు తొడుక్కుని వీధిలో నడుస్తున్న అతన్ని చూసి కొత్తవాళ్లు, ఈయనకు మతి చలించిందా అని నవ్వేవారు. వదిన మాత్రం రోజూ వాకిట్లోకి వచ్చి, ఆ కోటు గుండీలు తన చేత్తో పెట్టి పంపేది.