ఎవరి తాలూకు?

సెర్బియాలోని మా పట్నంలో నీళ్ళ ఆఫీసు పెద్ద జివాదిన్ గారు ఇంటర్వ్యూ చేస్తుంటే చూసి తీరాలి. గాలి తగిలితే మెడ పట్టేస్తుందని ముందు కిటికీ మూస్తారు. మీసం దువ్వుకుని, కాఫీ చప్పరించి, వచ్చినవాళ్ళ సర్టిఫికెట్ల మీదే కప్పు పెడతారు. బల్ల మీద మరక పడకూడదు కదా! ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "నువ్వు ఎవరి తాలూకు?" మేయరు పెళ్ళిలో సాక్షిగా నిలబడి చుట్టమైపోయినవాడి పేరు చెప్పగలిగితే చాలు, ఉద్యోగం వచ్చినట్టే.

మొన్న గుమస్తా పనికి యాస్న అనే పిల్ల వచ్చింది. "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నారు. "ఎవరి తాలూకూ కాదండీ." "మరి ఎవరు పంపారు?" "ఎవరూ పంపలేదండీ, ప్రకటన చూసి వచ్చాను." జివాదిన్ గారికి ముచ్చెమటలు పోశాయి. ప్రకటన చూసి వచ్చిన మనిషిని ఆయన తన సర్వీసులో ఎరగరు. పేరు బయటపెట్టకూడనంత పెద్దవాళ్ళెవరో వెనక లేకపోతే ఇంత ధైర్యమా! చటుక్కున లేచి, సర్టిఫికెట్ల మీది కాఫీ మరకను తన రుమాలుతోనే తుడిచి, "రేపే చేరండమ్మా, మీ ఇష్టం వచ్చినప్పుడు రండి" అన్నారు.

యాస్న పరుగున ఇంటికెళ్ళి, "నా చదువు చూసి ఇచ్చారమ్మా!" అంది. తల్లి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది: "నాతోనైనా నిజం చెప్పవే, ఎవర్ని పట్టుకున్నావు?"