వరస దాటి హెడ్‌మేడమ్ చెయ్యి పట్టుకున్న రోజు

ఈ ఉదయం మా అమ్మాయి ప్రోగ్రామింగ్ హోంవర్క్ చేస్తూ తల పట్టుకుంది. పది అంకెలున్న అర్రేలో, అంటే వరసలో, పెద్దది కనుక్కోవాలి. అది రాసిన లూప్, అంటే ఒక్కో అంకెనూ వరసగా చూసుకుంటూ పోయే కోడ్, మాత్రం పదో అంకె దగ్గర ఆగకుండా లేని పదకొండో అంకె కోసం వెతుకుతోంది. నాకు నవ్వాగలేదు.

చిత్తూరులో నాతో ఎనిమిదో తరగతి చదివినవాళ్లకు మన కంప్యూటర్ గది గుర్తుందా? చెప్పులు బయట విప్పి, గుడ్డ కప్పిన ఆ ఒక్క కంప్యూటర్‌ను చూడడానికి వెళ్లేవాళ్లం. ఆ రోజు కరెంటు లేదు. కంప్యూటర్ సార్ పదిమంది అమ్మాయిల్ని వరండాలో వరసగా నిలబెట్టి, నన్ను లూప్ అన్నారు.

"మొదటి పిల్ల చెయ్యి పట్టుకోని ముందుకు పో. ఇంకా పొడుగు పిల్ల కనబడితే ఈ పిల్లను ఇడిసిపెట్టి ఆ పిల్లను పట్టుకో. కంప్యూటర్ మాదిరి చెప్పిందే చెయ్యాల!"

పదిమందీ అయిపోయారు. సార్ ఆగమనలేదు. అందరిలో పొడుగైన రేవతిని లాక్కుంటూ నడుస్తూనే ఉన్నాను. ఎదురుగా హెడ్‌మేడమ్ వచ్చారు. రేవతికంటే పొడుగు. రేవతిని వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏందే ఇది?" అని ఉరిమారామె.

నేను చెయ్యి వదల్లేదు. "సార్ ఆగమని చెప్పలేదు మేడమ్."

సార్ పరుగెత్తుకొచ్చారు. "పాప తప్పు లేదు మేడమ్. యాడ ఆగాలో నేనే చెప్పలేదు. అందరికన్నా పొడుగెవరో ఎతకతా ఉండాది."

మేడమ్ కొంగు సర్దుకుని కాస్త నిటారుగా నిలబడ్డారు. "అయితే నేనేనా?"

"ఇంకా తెలీదు మేడమ్, వరండా అయిపోలేదు" అని ఆమెను లాక్కుంటూ ముందుకు నడిచాను.