బండి నింపుకొని రమ్మనే చాచా

జనగామలో టైర్ల దుకాణం నడిపిన చాచా పోయారు. నేనుండేది జనగామలోనే, ఆయన దుకాణానికి నాలుగు వీధుల అవతల. అయినా ఆ కబురు నాకు చిట్యాల నుంచి వచ్చింది. అక్కడ మా చెల్లెను ఇచ్చాం. దాని భర్త టైర్లు మార్పిద్దామని పొద్దున్నే ఇంత దూరం వస్తే షట్టరు దించి ఉందట. పక్కన చాయ్ కొట్టాయన విషయం చెబితే, అతను చెల్లెకు ఫోన్ చేశాడు, చెల్లె నాకు చేసింది. "అన్నా, మన చాచా సచ్చిపోయిండట," అని ఏడ్చింది.

మహబూబాబాద్‌లో తన అక్కగారింటికి పోయి, అందరితో కలిసి అన్నం తిని, నవ్వుతూ కబుర్లు చెబుతూ కుర్చీలోనే వెనక్కి వాలిపోయారట. డెబ్బై దాటిన మనిషి. ఎవరితోనూ చేయించుకోకుండా పోయారని అందరూ అన్నారు. నిజమే గానీ, నాకు మాత్రం అన్యాయంగానే అనిపించింది.

చాచా అంటే కంఠం ముందు వినిపించేది. కారు వెనక ఎక్కడో గొంతుక్కూర్చుని అక్కడి నుంచే మాట్లాడేవారు. అందరూ చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటే ఆయన సుద్దముక్క పెట్టుకునేవారు. అది సగం అరిగి, చెవి, జుట్టు తెల్లగా ఉండేవి. పెద్ద రిమ్ములు వేయించుకోవడానికి వచ్చిన కుర్రాళ్లందరికీ ఆయన మాట ఒకటే: "ఖాళీ బండి అబద్ధం చెప్తది బేటా. ఇంటోళ్లందర్నీ ఎక్కించుకొని రా, అప్పుడు చూద్దాం."

ఇది మాట వరసకు అన్నది కాదు. మనుషులు కూర్చుంటే బండి కిందికి దిగుతుంది, టైరు మడ్‌గార్డుకు దగ్గరవుతుంది. అందుకని నిండు బండిని చూడందే ఆయన సైజు చెప్పేవారు కాదు. టేకుమట్ల నుంచి ఓ పటేల్ కొడుకు దర్జాగా వస్తే, వెనక్కి పంపి వాళ్ల నానమ్మతో సహా తెప్పించారు. ఆ ముసలామె కారు దిగనంది, చాయ్ అందులోకే తెమ్మంది. దుకాణం ముందు ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి సంసారం కారులో కూర్చుని పల్లీలు తింటూ ఉండేది.

నా సంగతికి వస్తాను. చెల్లె పెండ్లి కుదిరినప్పుడే మాట ఇచ్చాను, దాన్ని నా కారులోనే అత్తగారింటికి పంపుతానని. బాపు లేడు, ఆ పని నాదే. పాత కారు కొని అప్పటికి రెండేళ్లయింది. దానికి పదిహేనంగుళాల ఇనుప చక్రాలు. పెండ్లికి అవేం బాగుంటాయని, చాచాకు చెప్పకుండా, ఒక సోపతిగాడి దగ్గర పదిహేడు అంగుళాల అలాయ్ రిమ్ములు, వాటి మీద టైర్లతో సహా కొనేశాను. కారుకు బిగించి, వాకిట్లో నిలబెట్టి స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూశాను. ఎక్కడా తగల్లేదు. ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను. అదీ నా తెలివి.

పెండ్లికి ముందు రోజు అమ్మను, చిన్నమ్మను, మామను ఎక్కించుకుని, ఇత్తడి సామాను డిక్కీలో వేసుకుని వస్తుంటే, స్పీడ్ బ్రేకర్ దిగగానే "కర్ర్" మంది. అమ్మ "ఏందిరా గది?" అంది. "ఏం లేదు" అన్నాను. తర్వాతి దాని మీద మళ్లీ వచ్చింది. మామ నవ్వాడు. చిట్యాల దాకా పోవాలి, ఇలాగే రాసుకుంటూ పోతే దారిలో టైరు కోసుకుపోతుంది. పెండ్లిపిల్లను నడిరోడ్డు మీద దింపాల్సి వస్తుంది. సక్కగా చాచా దగ్గరికి పోయాను.

ఆయన టైరు మీది అంకెలు చదివి, నేల మీద సుద్దతో రాశారు. "సూడు. మొదటి అంకె రబ్బరు వెడల్పు. రెండోది ఆ వెడల్పుల నూటికి ఎంత ఎత్తున్నదో చెప్తది. మూడోది రిమ్ము. రిమ్ము పెరిగితే రబ్బరు తగ్గాలె, మొత్తం ఎత్తు మాత్రం మారొద్దు. నువ్వేం జేసినవ్? రిమ్ము పెంచినవ్, రబ్బరు మాత్రం సాలినంత తగ్గియ్యలే." లెక్క వేస్తే నా పాత టైరు ఆరు వందల ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, కొత్తది ఆరు వందల ముప్పై ఆరు. "పదిహేను మిల్లీమీటర్లు గింతంతనే అనుకుంటవ్, మడ్‌గార్డు అట్ల అనుకోదు," అన్నారు.

తరువాత అడిగారు. "రేపు బండ్ల ఎవరెవరు కూసుంటరు?" ముందు చిన్నమ్మ, వెనక పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల, తోడుగా అమ్మ అన్నాను. "పిల్లను తీస్కరా." ఎక్కడి నుంచి తెచ్చేది? పెండ్లిపిల్లను చేశాక గడప దాటనివ్వరు. ఆ మాట చెబితే చాచా తల గోక్కుని, మా అమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగారు. "చెల్లె, పిల్ల ఎంత బరువుంటది?" అమ్మ అటూ ఇటూ చూసి చెవిలో చెప్పినట్టు యాభై ఏడు అంది. పక్క కిరాణా నుంచి యాభై కిలోల బియ్యం బస్తా, ఏడు కిలోల పప్పు మూట వచ్చాయి. రెండింటినీ వెనక సీట్లో నిలబెట్టి బెల్టు పెట్టారు. పెండ్లికొడుకు చోట మా మామ కూర్చున్నాడు. "పిల్ల మాట్లాడతలేదు, సిగ్గు పడుతున్నది," అన్నాడు. బజారంతా నవ్వింది, నేను తప్ప.

టైరు అంచులకు తడి సుద్ద పూసి, చెక్క దిమ్మ మీదుగా ఎక్కించి దింపమన్నారు. స్టీరింగ్ రెండు వైపులా తిప్పించారు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మడ్‌గార్డు లోపల టార్చి వేశారు. బయటి అంచు పొడవునా తెల్ల గీత. "రబ్బరు తగ్గిస్తే ఎత్తు సరైతది. గని ఈ రిమ్మే బైటికి పొడుసుకొచ్చింది, ఏ టైరేసినా అంచుకు గీరుకుంటది. తీసెయ్, పాతయే బిగిస్త."

నాకు మండింది. చుట్టాలకు ఫోటోలు పంపాను, రేపు ఇనుప చక్రాలతో పోతే నవ్వరా? "నా కారు నా ఇష్టం చాచా," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను సిగ్గుపడేలా చేస్తుంది. ఆయన కోపం చేయలేదు. చేతులు తుడుచుకుంటూ అన్నారు. "బండి నీదే బేటా. అండ్ల కూసునేది నీ చెల్లె."

ఆయన నా మొహం చూసి ఏమనుకున్నారో, లేచి వెనక నిలబెట్టిన తన కారు దగ్గరికి పోయారు. అదీ నా రకం కారే. దానికి పదహారు అంగుళాల అలాయ్ రిమ్ములు, రబ్బరు తగ్గించిన టైర్లు. వెడల్పు నూట తొంభై అయిదు, ఎత్తు అందులో నూటికి యాభై అయిదు వంతులు. మొత్తం దాదాపు అదే ఆరు వందల ఇరవై ఒకటి. వాటిని ఊడదీసి నా కారుకు బిగించి, తన కారును ఇటుకల మీద నిలబెట్టేశారు. మళ్లీ బియ్యం బస్తా, మళ్లీ మామ, మళ్లీ సుద్ద. లోపల ఎక్కడా మచ్చ లేదు.

పెండ్లికి చాచా, చాచీ ఆటోలో వచ్చారు. అప్పగింతలప్పుడు అందరూ పెండ్లిపిల్ల మొహం చూస్తుంటే, ఆయన మూలమలుపు దాకా కారు వెంట నడుస్తూ చక్రం వైపు వంగి చూశారు. చిట్యాల దాకా ఎన్ని గుంతలో! దారి పొడవునా చెల్లె ఏడుపు తప్ప బండిలో ఇంకో సప్పుడు లేదు. బియ్యం బస్తా సంగతి తెలిసినాక అది నాతో పది రోజులు మాట్లాడలేదు. నా బరువు బజార్ల చెప్తరా అని అమ్మ మీద కూడా ఎగిరింది. తర్వాత చిట్యాల నుంచి వచ్చిన ప్రతిసారీ చాచీకి గారెలు తెచ్చేది. నేను ఆయన రిమ్ములు తిరిగిచ్చి, అవే కొలతలవి కొనుక్కున్నాను. చాచా వల్ల నాకు టైర్లు తెలిశాయి, దానికన్నా ముందు నోరు దగ్గర పెట్టుకోవడం తెలిసింది. ఆయన రుణం నాకు బరువుగా లేదు, హాయిగానే ఉంది.

ఆయన్ను పుట్టిన ఊరు మహబూబాబాద్‌లోనే మట్టి చేశారు. మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక చాచీ జనగామ ఇంటికి రావాలి, భర్త పోయినవాళ్లు గడప దాటకుండా ఉండే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు సొంత ఇంట్లోనే ఉంటానంది. తీసుకురావడానికి నేను, అమ్మ, చెల్లె పోయాం. వచ్చేటప్పుడు అమ్మ ముందు కూర్చుంది, చాచీ, ఆమె బిడ్డ, చెల్లె వెనక కూర్చున్నారు. ఊరు దాటాం. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను నెమ్మది చేశాను. అద్దంలో చూస్తే చాచీ చున్నీ కొంచెం జరిపి, చెవి చక్రం వైపు పెట్టింది. ముందు చక్రాలు దిగాయి, వెనక చక్రాలు దిగాయి.

"తాకలే గదా?" అని అడిగింది.

"తాకలే చాచీ," అన్నాను.

ఆమె తల ఊపి చెల్లె చేయి పట్టుకుంది. జనగామ దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అలాగే చెవి పెట్టి విన్నది.