పాలపొడి డబ్బాలో గొట్టం మాత్రలు

నిన్న సాయంత్రం రాయచోటి నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. మొదటిసారి కువైట్ వస్తోంది, పెట్టె సర్దుకుంటోంది, అత్తా నీకేం తేవాల, వెనకటి మాదిరి గొట్టం మాత్రలేమన్నా తేనా అని అడిగింది. వద్దు తల్లీ, చెనక్కాయల పొడి తే చాలు అన్నాను. ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకు నవ్వానో నా ఈడు వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు గానీ, చిన్నవాళ్ళ కోసమైనా ఆ సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో సెలవుకు ఊరికి పోయివచ్చిన ఎవరి పెట్టె తెరిచినా ఊరగాయ సీసాల పక్కన, చీరల మడతల్లో, అట్టలు అట్టలుగా మాత్రలుండేవి. ఊళ్ళో మందులంగడికి పోయి జ్వరానికని, గొంతునొప్పికని నోటితో అడిగి తెచ్చినవే అన్నీ, చీటీ లేదు, డాక్టరు లేడు. అవన్నీ చివరికి చేరేది ఇక్కడ కువైట్‌లో, అబ్బాసియా పేటలో, మా గదిలో ఉన్న పెద్ద పాలపొడి డబ్బాలోకే. ఎందుకంటే నేను ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. చేసేది నేల తుడిచే పనే అయినా, వార్డుల్లో నర్సులు పలికే మందుల పేర్లు విని విని నాకు సగం వైద్యం వచ్చేసిందని మా బిల్డింగంతా నమ్మింది, ఉన్నమాట చెప్పుకోవాలి గదా, అందరికంటే ముందు నేనే నమ్మాను.

శుక్రవారం పొద్దున్నే మా తలుపు చప్పుడు మొదలయ్యేది. టైలర్లు, డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసే మా కడప ఆడవాళ్ళు, కింద అంతస్తులో ఉండే రాయచోటి భాయి కుటుంబం, ఒకరి తర్వాత ఒకరు వచ్చేవారు. నా హస్తవాసి మంచిదని పేరు. ఎర్రదీ నల్లదీ కలిసిన గొట్టం మాత్ర జ్వరానికి, పొడుగాటి తెల్లది దగ్గుకి, పసుపుపచ్చది కడుపులో గడబిడకి అని నాకు నేనే ఒక శాస్త్రం రాసుకున్నాను. దానికి తోడు ఒక చట్టం కూడా పెట్టాను. ఒళ్ళు కాస్త చల్లబడగానే మాత్రలు ఆపేయాలి, మిగిలినవి తెచ్చి మళ్ళీ డబ్బాలో వేయాలి, ఇంకొకరికి పనికొస్తాయి. మూత మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, మిగిలినవి ఇందులోనే వేయవలెను అని బాల్‌పెన్నుతో గుండ్రంగా రాసిపెట్టాను. నా పొదుపు చూసి నేనే మురిసిపోయేదాన్ని.

ఇంతలో కరోనా వచ్చి పడింది. మా చెల్లెలు ఎగైలా అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో పనికి ఉండేది. దగ్గుగా ఉందక్కా అని ఫోన్ చేస్తే, నేనేమన్నా ఊరుకునేదాన్నా, వాళ్ళింటి డ్రైవరు చేత మూడు రంగుల మాత్రలూ పంపించాను. కరోనా పురుగు మీద ఆ మాత్రలు పనే చేయవని నాకేం తెలుసు. నా మాటంటే దానికి వేదం గనక రెండు రోజులు ఒక రంగు, తగ్గలేదని ఇంకో రెండు రోజులు ఇంకో రంగు, అట్లా మూడూ మింగింది. ఆయాసం ఎక్కువయ్యేసరికి వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తనే కారు నడుపుకుంటూ మా ఆసుపత్రికి తెచ్చి చేర్చింది.

రెండు వారాలకు కరోనా తగ్గి, నేను తుడిచే వార్డుకే మార్చారు. గండం గడిచిందనుకున్నాను. మూడో రోజున మళ్ళీ జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో తిరిగే వేరే సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో చేరిందట. ఒక మందు ఎక్కించారు, లొంగలేదు. ఇంకొకటి మొదలుపెట్టారు, దానికీ లొంగలేదు. ఆ వార్డు పెద్ద డాక్టరు ఈజిప్టు ఆయన. నన్ను పిలిచి, ఇక్కడికి రాకముందు మీ చెల్లెలు ఏమైనా మాత్రలు వాడిందా అని అడిగాడు. పారాసెటమాల్ తప్ప ఇంకేం లేదని తడుముకోకుండా చెప్పేశాను. నేను మందులు పంచిన సంగతి బయటపడితే నన్ను పనిలో పెట్టిన కంపెనీవాళ్ళు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, కొట్టేసి ఇంటికి పంపేస్తారని భయం. ఆ అబద్ధం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు పొద్దున దాని మంచం కింద తుడుస్తూ పలకరిస్తే, అది కళ్ళు తెరిచి నన్ను చూసి కూడా నేనెవరో పోల్చుకోలేకపోయింది. మాప్ కర్ర అక్కడే పారేసి, సూపర్‌వైజరును బతిమాలి, టాక్సీలో పోయి డబ్బా తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాను. మూత మీద ఏం రాసి ఉందని అడిగాడు. నాకు వచ్చిన అరబ్బీ, హిందీ కలిపి చెప్పాను. ఆయన డబ్బా బోర్లించి, నేను చూపించిన మూడు రంగులూ వేరు చేసి చూశాడు. వాటిలో రెండు, వాళ్ళు ఎక్కిస్తున్న మందుల జాతివేనట. ఇవి ఖలాస్, ఇక పనిచేయవు, ల్యాబు రిపోర్టు వచ్చేదాకా వేరే మందు వేద్దామని నర్సుకు చెప్పాడు.

తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. నీ డబ్బా చిన్నది, మాది పెద్దది, కరోనా అని వచ్చినవాళ్ళకు భయంకొద్దీ ముందుజాగ్రత్త అని మేమూ ఇవే మందులు గుప్పించాము, ఈ సూక్ష్మజీవులు మన అందరి దగ్గరా చదువుకుని మొండికెత్తాయి అన్నాడు. అంత పెద్ద డాక్టరు తనను నాతో కలిపి మాట్లాడేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

రెండు రోజులు గడిచాయి. ల్యాబులో పనిచేసే హైదరాబాదు తమ్ముడొకడు నన్ను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాడు. నేను వరండా తుడుస్తుంటే, ఆపా జర ఇటు చూడు అని అద్దం అవతలి నుంచి ఒక గుండ్రటి చిన్న పళ్ళెం ఎత్తి చూపించాడు. దాన్నిండా మా చెల్లెలి కఫంలోని సూక్ష్మజీవిని పెంచారట, పాల మీద మీగడలాగా పరుచుకుని ఉంది. దాని మీద మందు పూసిన కాగితం బిళ్ళలు ఆరు. ఐదు బిళ్ళల అంచుదాకా మీగడ వచ్చేసింది, అంటే ఆ ఐదు మందులూ దండగ. ఆరోదాని చుట్టూ మాత్రం తేటగా, గుండ్రంగా, చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టుంది. మా వైపు చంద్రుడికి గుడి కడితే వానొస్తుందని జనం వాకిళ్ళలోకి వచ్చి చూస్తారు. నేను ఆ వరండాలోనే మాప్ పట్టుకుని ఒక చిన్న గంతు వేశాను, ఎవరన్నా చూశారేమో కూడా పట్టించుకోలేదు.

ఆ ఆరో మందు ఎక్కించిన నాలుగో రోజున మా చెల్లెలు కళ్ళు తెరిచి, అక్కా బొరుగుల ఉగ్గాని తినాలనుంది అన్నది. వాళ్ళ మామాకు చెబితే, ఉగ్గాని సంగతి ఆమెకేం తెలుసు, ఇంత పెద్ద పళ్ళెంలో మజ్బూస్, మన బిర్యానీలాంటి వాళ్ళ మాంసం అన్నం, పంపింది. చెల్లెలు నాలుగు మెతుకులు తిన్నది, మిగిలింది నర్సులూ మేమూ కలిసి పండగలాగా తిన్నాము. డాక్టరు నా మాత్రలన్నీ తీసేసుకుని ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చాడు. నా ఇఖామా సంగతి ఎవరూ ఎత్తలేదు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఇంకా కొన్ని రోజులకు మాత్రలిచ్చి, ఒక్కటి కూడా మిగల్చకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. చెల్లెల్ని కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకున్నాను. మూడో రోజుకు మిగిలిన కాస్త వెచ్చదనం కూడా పోయి దాని ఒళ్ళు చల్లబడింది. నేను వంటగదిలో ఉన్నాను, గదిలో టక్కుమని చప్పుడైంది. వచ్చి చూద్దును గదా, మా చెల్లెలు మిగిలిన అట్టను బుద్ధిగా పాలపొడి డబ్బాలో వేసి మూత పెడుతోంది. జ్వరం తగ్గింది గదక్కా, నువ్వు రాసిందే గదా అన్నది. కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పక్కన కూర్చుని, ఆఖరి మాత్ర దాకా రోజూ నా చేత్తోనే మింగించాను.

ఇప్పుడా డబ్బాలో చెనక్కాయల పొడి పోసుకుంటున్నాను. మూత మీద రాత మాసిపోయింది గానీ, ప్లాస్టర్ పీకడానికి మనసొప్పలేదు. మా బిల్డింగువాళ్ళు జ్వరమొస్తే క్లినిక్కుకు పోతున్నారు, నేనే వెంటబడి పంపించాను. అంతా మంచికే అయినా, నా హస్తవాసి గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడరు, మాట దాచుకోవడమెందుకు, కాస్త వెలితిగానే ఉంటుంది. శుక్రవారం పొద్దున మాత్రం అలవాటు కొద్దీ చెవి తలుపు వైపే పోతుంది. మాత్రల కోసం వచ్చే ఆ జనం బారంతా పోయింది, ఇప్పుడు తలుపు తట్టేది ఒక్క మా చెల్లెలే. వచ్చి, వేడన్నంలో పొడి కలుపుకుని కడుపునిండా తిని, మిగిలిన పొడి డబ్బాలో వేసి మూత పెడుతుంది.